పళ్ళు కలిసేదాకా

ముఖానికి దెబ్బ తగిలి వచ్చినవాళ్ళని దవడ డాక్టర్లు ముందుగా అడిగేది నొప్పి గురించి కాదు. "పళ్ళు ఎప్పట్లాగే కలుస్తున్నాయా?" అని. నాకు కలవలేదు. నోరు మూస్తే కుడివైపు చివరి పళ్ళు ముందే తగిలేవి, ఎడమవైపూ ముందూ వేలు దూరేంత సందు ఉండిపోయేది. గడ్డం కింద చీలికకి అప్పటికే కుట్లు పడ్డాయి కాబట్టి ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకున్నారు. అసలు దెబ్బ లోపలే ఉంది.

తెల్ల గీతలు లేని స్పీడ్ బ్రేకర్, తెల్లవారుజాము, నెత్తిమీద సగం హెల్మెట్. సగం హెల్మెట్‌ పుర్రెను కాచినా గడ్డానికి అడ్డు ఉండదు. కింది దవడ గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, దాని రెండు కొసలూ చెవుల ముందు కీళ్ళలో కూర్చుంటాయి. గడ్డం నేలకి కొట్టుకుంటే ఆ అదురు కొసలదాకా పాకుతుంది. నాకు దవడ ముందుభాగంలో ఎడమవైపు ఒకచోట విరిగింది, కుడి కీలు కింద ఎముక సన్నబడే చోట ఇంకొకటి. ఒకచోట విరిగితే రెండోవైపు కూడా వెతకాలనేది అందుకే. కుడి చెవిలోంచి రక్తం కూడా వచ్చింది. వెనక్కి నెట్టుకున్న కీలు చెవి గోడని చీల్చినా అలా వస్తుంది. అయినా చెవిలో రక్తం చూస్తే తలకి సీటీ స్కాన్ తీయకుండా వదలకూడదు. గడ్డం తెగిన పిల్లలకి కుట్లు వేసి పంపేసే ముందు చెవుల ముందు వేళ్ళు పెట్టి నోరు తెరిపించి చూడాలి. చిన్నప్పుడు దెబ్బతిన్న కీలు పట్టించుకోకపోతే ఎముకలు అతుక్కుపోయి నోరు తెరుచుకోకపోవచ్చు, దవడ ఎదుగుదలా ఆగిపోవచ్చు.

వార్డులో ఎక్కువమంది నాలాగే బైక్ మీంచి పడ్డవాళ్ళు, అందులోనూ కుర్రాళ్ళు. చెట్టు మీంచి పడ్డవాళ్ళు, గొడవల్లో దెబ్బ తిన్నవాళ్ళు ఆ తర్వాత. దెబ్బ పడ్డ చోటే చాలాసార్లు కారణం చెబుతుంది. పిడికిలి దెబ్బలు ఎడమ ముఖం మీద ఎక్కువ, కొట్టేవాళ్ళలో ఎక్కువమందిది కుడిచేతి వాటం కదా. బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పే ఆడమనిషికి ఎడమ కన్ను చుట్టూ కమిలి, చేతుల మీద పాత గాయాలు కూడా ఉంటే, పక్కనున్న మనిషిని బయటికి పంపి మళ్ళీ అడగాలి. ఈ ఒక్క పని చేసే సిస్టర్లంటే నాకు చాలా గౌరవం.

ఆపరేషన్‌కి మత్తు గొట్టం ముక్కులోంచి వేశారు. పళ్ళని కలిపి కట్టి, అవి సరిగ్గా కూర్చున్నాకే ఎముకని బిగించాలి కాబట్టి నోరు ఖాళీగా ఉండాలి. ముందుభాగంలో విరిగినచోటికి కింది పెదవి లోపల కోసి రెండు టైటానియం ప్లేట్లు వేశారు. కుడి కీలుని కోయలేదు. పైనా కిందా పళ్ళకి లోహపు పట్టీలు తీగలతో బిగించి, రెండిటినీ కలిపి రెండు వారాలు కట్టేశారు.

ఆ రెండు వారాల సంగతి ఎవరూ వివరంగా చెప్పరు. తీగలు కత్తిరించే కట్టర్ తలగడ పక్కనే ఉండాలి. పట్టీలని కాకుండా పైనుంచి కిందికి దిగే తీగలనే కత్తిరించాలి. అవి ఏవో డాక్టర్ చేత చూపించుకుని ఫోన్లో ఫొటో తీసుకోండి. వాంతి వస్తే ముందుకి వంగితే చాలు, తాగినదంతా పలుచనే కాబట్టి పళ్ళ సందుల్లోంచి వచ్చేస్తుంది. ఊపిరి ఆడకపోతేనే తీగలు కత్తిరించాలి.

తిండికి 50 మి.లీ. సిరంజి, దాని మూతికి మెత్తని గొట్టం. చివరి పన్ను వెనక, బుగ్గ లోపల, చిటికెన వేలి కొసంత సందు ఉంటుంది. గొట్టం అక్కడ పెట్టి నెమ్మదిగా నొక్కితే జావ నాలుక మీదికి జారుతుంది. గట్టిగా నొక్కితే పొలమారుతుంది. రాగి జావ, పెసరకట్టు, మజ్జిగ, పాలల్లో మిక్సీ పట్టిన ఉడికిన గుడ్డు, అన్నీ పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఒక్క మిరియపు పలుకు తీగల మధ్య ఇరుక్కుంటే రోజంతా నరకం. రెండు గంటలకోసారి ఒక గ్లాసు తాగినా నేను 5 కిలోలు తగ్గాను. మాత్రలన్నీ నూరెయ్యకూడదు, కొన్నిటి పూత కడుపు కోసమే ఉంటుంది. సిరప్ రాయమని అడగండి.

తాగిన ప్రతిసారీ ఉప్పునీళ్ళు, రోజుకి రెండుసార్లు 10 మి.లీ. క్లోర్‌హెక్సిడిన్ అనే మందు నీళ్ళతో పుక్కిలింత, పసిపిల్లల బ్రష్. తీగ కొస బుగ్గకి గుచ్చుకుంటే పళ్ళ క్లిప్పులకి వాడే మైనం ఉండలా చేసి అద్దుకోవాలి. సిగరెట్ తాగితే లోపలి కుట్లు విడిపోయి చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

తీగలు విప్పిన రోజు నోరు 18 మి.మీ. తెరుచుకుంది. పట్టీలు, వాటికి రబ్బరు బ్యాండ్లు ఇంకో నాలుగు వారాలు ఉన్నాయి. అద్దం ముందు నిలబడి తెరిస్తే గడ్డం కుడివైపుకి, విరిగిన కీలువైపుకే లాగేది. వేలితో సరిచేస్తూ తిన్నగా తెరవాలి, రోజుకి ఐదుసార్లు. డాక్టర్ చెప్పాక ఐస్‌క్రీమ్ పుల్లలు పళ్ళ మధ్య పేర్చడం మొదలుపెట్టాను, రెండు రోజులకి ఒకటి చొప్పున కలుపుతూ. నొప్పి భయంతో ఈ వ్యాయామం మానేస్తే కీలు బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. మూడో నెలకి 38 మి.మీ. వచ్చింది, నా మూడు వేళ్ళు నిలువుగా పట్టాయి.

కింది పెదవి ఎడమ సగం మాత్రం చాలా నెలలు మొద్దుబారి ఉంది. ప్లేట్లు వేసిన చోటుకి దగ్గర్లోనే పెదవికి స్పర్శనిచ్చే నరం బయటికొస్తుంది, పక్కకి లాగినా అది అలుగుతుంది. మొదట చీమలు పాకినట్టు, తర్వాత సూదులు గుచ్చినట్టు, అలా తిరిగొస్తుంది. అప్పటిదాకా కాఫీ వేడి కుడి పెదవితో చూసుకుని తాగాలి.