దోర తోతాపురితో క్రంబుల్

జూన్ వచ్చిందంటే బెంగుళూరులో ఏ సందు చివర చూసినా బండ్ల మీద తోతాపురి కాయలే, కానీ మనవాళ్ళకి అది ముక్కలు కోసి ఉప్పూ కారం చల్లుకుని తినే కాయ మాత్రమే, ఇంటికి కిలోల లెక్కన తెచ్చుకునేది బంగినపల్లి, బాదామి, రసపూరి. నాకూ అవంటే ఇష్టమే. ఓవెన్‌లో పెట్టి చేసే క్రంబుల్‌కి, అంటే పండ్ల ముక్కల మీద పిండి పొడి చల్లి కాల్చే స్వీట్‌కి మాత్రం నా ఓటు తోతాపురికే, అదీ పూర్తిగా పండింది కాదు, దోరకాయ. ముక్కు దగ్గర నొక్కితే కొంచెం లొంగాలి, కోస్తే లోపల పసుపు తిరిగుండాలి, కొరికితే పులుపు ఇంకా తెలియాలి.

బాగా పండిన బంగినపల్లిని అరగంట ఓవెన్‌లో పెడితే గుజ్జయిపోతుంది, పైన వేసే పిండి కూడా తీపే కాబట్టి తీపి మీద తీపి పడి నాలుగు స్పూన్లకే మొహం మొత్తుతుంది. దోర తోతాపురి అలా కాదు, ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది, ఆ పులుపు వల్ల వెన్న బరువు తెలీదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మా అత్తమ్మ వాళ్ళది చిత్తూరు వైపు, అక్కడ, ఇటు మన కోలార్ శ్రీనివాసపుర దగ్గర, అటు కృష్ణగిరిలో తోటలు తోటలుగా పండేది ఇదే కాయ, చాలా భాగం పల్ప్ ఫ్యాక్టరీలకే పోతుంది. ఫ్యాక్టరీ వాళ్ళు కొనకపోతే రైతుకి వేరే దారి లేదు. 2025లో రేటు ఎంతగా పడిపోయిందంటే ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుంది, మొత్తం 12 రైతుకి అందాలి అని ఆంధ్రాలో ప్రకటించాల్సొచ్చింది. అంత మంచి కాయకి పన్నెండు రూపాయలు! మన వంటింట్లో ఈ కాయకి ఇంకొంచెం చోటు ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను.

సరే, క్రంబుల్ సంగతి. ఇది ఇంగ్లండ్ ఇళ్ళల్లో చేసుకునే వంటకం, కింద పండ్ల ముక్కలు, పైన మైదా వెన్న చక్కెర కలిపిన పొడి, అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో అక్కడ 1940 జనవరి నుంచి వెన్నకీ చక్కెరకీ రేషన్ పెట్టారు, తిండి మీద రేషన్ పూర్తిగా పోయేసరికి 1954 అయింది, పండ్ల పై (pie) చేయాలంటే పిండి ఒత్తాలి, వెన్న ఎక్కువ కావాలి, క్రంబుల్‌కి అవేం అక్కర్లేదు కాబట్టి ఆ రోజుల్లోనే ఇంటింటికీ పాకిందని చెప్తారు. మనకి కలిసొచ్చేది ఏంటంటే గుడ్డు లేదు, బేకింగ్ పౌడర్ లేదు, బీటర్ లేదు. గుడ్డు తినని ఇంట్లో కూడా నిశ్చింతగా చేసి పెట్టొచ్చు.

నలుగురైదుగురికి సరిపోవాలంటే చెక్కు తీసి కోసిన ముక్కలు ఒక 700 గ్రాములు కావాలి, మరీ చిన్నగా కోయొద్దు, బొటనవేలి కొసంత ఉండాలి. వాటిలో 60 గ్రాముల చక్కెర, ఒక చెంచా కార్న్‌ఫ్లోర్, చిటికెడు శొంఠి పొడి వేసి కలిపి గాజు డిష్‌లో పరిచేయండి. బెల్లం పొడి వేసినా బాగుంటుంది, రంగు కాస్త ముదురుతుంది, నాకైతే అదే నచ్చుతుంది. యాలకులు వెయ్యొద్దు, వేస్తే అంతా పాయసం వాసన వచ్చి కాయ వాసన పోతుంది.

పైన పొడికి మైదా 150 గ్రాములు, వెన్న 75, చక్కెర 75. మైదాలో మూడో వంతు గోధుమపిండి కలిపినా పర్లేదు. ఉప్పున్న వెన్న అయితే వేరే ఉప్పు అక్కర్లేదు. వెన్నని చిన్న ముక్కలుగా కోసి ఒక పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి, బెంగుళూరులో కూడా ఎండాకాలం వంటింట్లో వెన్న ఊరికే జారిపోతుంది.

అసలు పనంతా ఇక్కడే. వెన్న ముక్కల్ని పిండిలో వేసి వేళ్ళ కొసల్తో మాత్రమే నలపాలి, అరచెయ్యి తగలకూడదు, అరచెయ్యి వేడిగా ఉంటుంది, వెన్న కరిగితే పిండి ముద్దయిపోతుంది. కొంచెం పిండి పైకి తీసి బొటనవేలితో మిగతా వేళ్ళ మీద రాస్తూ కిందకి వదలడం, మళ్ళీ తీయడం. మొదట్లో పిండి పిండిలాగే ఉంటుంది, వెన్న ముక్కలు విడిగా తగులుతుంటాయి, ఏం కాలేదే అనిపిస్తుంది, ఆగకుండా చేస్తుంటే నెమ్మదిగా తెలుపు పోయి లేత పసుపు వస్తుంది, వేళ్ళ మధ్య నుంచి బొంబాయి రవ్వలాగా జారుతుంది. అక్కడక్కడా శనగగింజంత వెన్న మిగిలుంటే ఉండనివ్వండి, కరకరలాడే పెచ్చులు అవే అవుతాయి. మైదా మీద వెన్న పూత పట్టేసింది కాబట్టి నీళ్ళు తగిలి సాగే గుణం రాదు, అందుకే కాలాక పొడిపొడిగా విరుగుతుంది. చక్కెర ఆఖర్లో కలపండి. మా అత్తమ్మ ఇది చూసి "ఏమ్మా, నీళ్ళు పొయ్యవా దీంట్లో?" అని అడిగింది, తర్వాత చెయ్యి కడుక్కొచ్చి తనే నలపడం మొదలుపెట్టింది, ఆ చేతికి ఉన్న అలవాటు నా చేతికి ఎప్పటికి వస్తుందో.

పొడిని ముక్కల మీద వదులుగా చల్లండి, నొక్కొద్దు, నొక్కితే ఆవిరి పోయే దారి లేక కింద భాగం పచ్చిగా ఉండిపోతుంది. ఓటీజీని, అంటే ఇంట్లో పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌ని, కింద పైన రెండు రాడ్లతో 180 డిగ్రీలకి ముందే వేడి చేసి పెట్టుకుని మధ్య అరలో 35 నుంచి 40 నిమిషాలు.

టైమ్ కంటే కళ్ళతో చూడటం ముఖ్యం, గాజు డిష్ అని చెప్పింది అందుకే. పైన ఎర్రబడగానే తీసేస్తారు చాలామంది, అప్పటికి కింద రసం ఇంకా పల్చగానే ఉంటుంది. అంచుల వెంబడి పసుపు రసం పొడిని తోసుకుని పైకొచ్చి బుడగలు పగలాలి, ముందు గబగబా చిన్న బుడగలు, కాసేపటికి రసం చిక్కబడి నింపాదిగా పెద్ద బుడగలు. కార్న్‌ఫ్లోర్ బాగా పట్టుకోవాలంటే ఆ రసం ఉడుకు దాకా వెళ్ళాలి. మన బెంగుళూరు 900 మీటర్ల ఎత్తు మీద ఉంది కాబట్టి నీళ్ళు ఇక్కడ దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, దానికి అది చాలు, ఏం భయం లేదు, బుడగలు డిష్ మధ్యలో కూడా కనపడేదాకా ఉంచండి. పైన మరీ ముదురుతోంది అనిపిస్తే పై రాడ్ ఆపేయండి.

తీశాక పావుగంట ఆగాలి. పిల్లలు ఆగరు, ఆపాలి, రసం నోరు కాలుస్తుంది, పైగా చల్లారేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. వెనిల్లా ఐస్‌క్రీమ్ ఒక స్కూప్ పైన వేస్తే వేడి చల్లన కలిసి బాగుంటుంది, ఇంట్లో కాచిన పాల మీగడ ఉంటే నేను అదే వేస్తాను, తీపి లేని మీగడ ఈ పులుపుకి సరిగ్గా సరిపోతుంది.

తోతాపురి సీజన్ అయిపోయాక హాప్‌కామ్స్ పండ్ల దుకాణంలో అనాస తెచ్చి ఇదే లెక్కన చేయొచ్చు, నీరెక్కువ కాబట్టి కార్న్‌ఫ్లోర్ ఇంకో అర చెంచా. దోర జామకాయ కూడా బాగుంటుంది, గింజలు తీసేసే ఓపిక ఉంటే.

మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టుకుని మర్నాడు ఓటీజీలోనే పది నిమిషాలు వేడి చేసుకోండి. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టొద్దు, పైన పొడి మెత్తబడిపోతుంది.