ఫోటోలో ఐదుగురు పెద్దలు, ముగ్గురు పిల్లలు

తెలుగు పేపర్ల జిల్లా పేజీల్లో బడి వార్తలకు ఒక మూస ఉంటుంది. "జిల్లాస్థాయి ఖోఖోకు ఎంపిక", "ప్రతిభ చాటిన విద్యార్థులు", "సత్తా చాటిన సర్కారు బడి". కింద ఒక ఫోటో. అందులో హెడ్మాస్టర్ గారు, పీఈటీ సారు, ఎంఈఓ గారు, ఊరి పెద్ద ఒకరు, ఎవరి తరఫున వచ్చారో తెలియని పెద్దమనిషి ఇంకొకరు. వాళ్ళ మధ్యలో శాలువాల చాటున ముగ్గురు పిల్లలు, మెడలో మెడల్. చివర్లో "పలువురు అభినందించారు" అన్న వాక్యం ఎటూ ఉంటుంది. ఆ ఫోటోల్లో నేనూ నిలబడ్డాను, కాబట్టి ఇది వెక్కిరింత కాదు. ఆ కటింగ్‌ను లామినేషన్ చేయించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్న ఇళ్ళు మా పిల్లల్లో చాలా ఉన్నాయి. ఆ ఫోటో తీయడానికి ముందూ తర్వాతా ఏం జరుగుతుందో ఎవరూ రాయరు, అందుకే ఇది రాస్తున్నాను.

వరంగల్ జిల్లాలో ఒక మండల కేంద్రంలో, జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా వైపు పత్తి, మిర్చి, కొంత వరి. పిల్లల్లో సగం మంది చుట్టుపక్కల తండాల నుంచి, ఊళ్ళ నుంచి సైకిళ్ళ మీదో ఆటోల్లోనో వస్తారు. బడి తెరిచాక మొదటి రెండు నెలలు నింపాదిగా గడుస్తాయి. ఆగస్టు దాటిందంటే ఒకదాని వెనక ఒకటి: ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) ఆటలు, పిల్లల సైన్స్ ఆలోచనలకు ఇన్‌స్పైర్ నామినేషన్లు, చెకుముకి సైన్స్ పోటీలు, ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష, సైన్స్ ఫెయిర్. మధ్యలో బతుకమ్మ, దసరా సెలవులు. ఇవన్నీ అయ్యాక పదో తరగతి టెన్షన్ ఎలాగూ ఉంది.

వీటిలో నా పని ఎక్కువగా ఎన్‌ఎంఎంఎస్. పేరు పెద్దది, నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతిలో రాయాలి. సర్కారు బళ్ళు, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. హాస్టల్‌తో నడిచే గురుకులాల వాళ్ళకు లేదు. ఎంపికైతే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు. మొదట్లో నెలకు 500 లెక్కన ఇచ్చేవాళ్ళు, 2017 నుంచి 1,000 చేశారు. నాలుగేళ్ళకు 48,000. కౌలు పొలంలో పత్తి వేసుకునే ఇంటికి అది ఎంత డబ్బో నేను చెప్పాల్సిన పని లేదు.

పరీక్షలో రెండు పేపర్లు, ఒక్కొక్కటి 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. ఒకటి చదువుకున్న పాఠాల మీద. రెండోది మెంటల్ ఎబిలిటీ, పిల్లలు భయపడేది దానికే. సంఖ్యా శ్రేణులు, కోడింగ్, అద్దంలో బొమ్మలు, క్యాలెండర్ లెక్కలు. నాకు మాత్రం ఇది చెప్పడమే ఇష్టం, ఎందుకంటే ఇక్కడ ఎవరు చురుకో అప్పటిదాకా వచ్చిన మార్కులను బట్టి చెప్పలేం. "అద్దంలో గడియారం 3:25 చూపిస్తోంది, అసలు టైమెంత?" అంటే సూత్రం ఒకటే: 11:60లోంచి 3:25 తీసేయాలి, 8:35. సూత్రం చెప్పేలోపే వెనక బెంచీ పిల్ల ఒకతె నోట్‌బుక్కులో గడియారం గీసి, కాగితం తిప్పి వెలుగుకు అడ్డం పెట్టి చూసి జవాబు చెప్పేసింది. త్రైమాసిక పరీక్షలో ఆ పిల్ల లెక్కల మార్కులు ఎవరికీ చూపించుకునేవి కావు.

క్యాలెండర్ లెక్కల్లో ఇంకో పిల్లవాడు. "నెలలో 5వ తేదీ మంగళవారం అయితే 26వ తేదీ ఏ వారం?" అని బోర్డు మీద రాశాను. అందరూ వేళ్ళు మడుస్తున్నారు. వీడు తలెత్తకుండానే "మంగళవారమే మేడం" అన్నాడు. ఎలా అని అడిగితే, "మా అంగడి మంగళవారం. ఐదు, పన్నెండు, పంతొమ్మిది, ఇరవయ్యారు" అన్నాడు. వాళ్ళ నాన్న ఊరూరా అంగళ్ళలో స్టీలు సామాను అమ్ముతాడు. ఏ వారం ఏ ఊరో వాడికి నిద్రలో లేపినా తెలుసు. ఏడుతో భాగిస్తే వచ్చే శేషం గురించి ఆ రోజు నేను చెప్పిన పాఠం వాడికి అక్కరకు రాలేదు, మిగతావాళ్ళకు వచ్చింది.

ఫలితాలొస్తాయి, ఫోటో దిగుతాం, పేపర్లో వస్తుంది. కాగితాల పని అప్పుడు మొదలవుతుంది.

డబ్బు పిల్లల పేరు మీదున్న, ఆధార్‌తో ముడిపెట్టిన బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. దానికి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి, ప్రతి ఏటా రెన్యువల్ చేసుకోవాలి. బడి రికార్డులో, ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో పేరు ఒక్కలా ఉండాలి. మా దగ్గర అది ఉండదు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక, మరోచోట ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది. సునీత అన్న పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకరు టి పెడతారు, ఇంకొకరు టిహెచ్ పెడతారు. బానోతు అన్న ఇంటిపేరుకైతే ఎన్ని స్పెల్లింగులున్నాయో లెక్కే లేదు. ఇక పుట్టిన తేదీలు. మా బడిలో జనవరి 1న పుట్టినవాళ్ళందరినీ పిలిచి కేక్ కోయిస్తే ఒక్క కేక్ చాలదు. ఆధార్ తీసినప్పుడు ఆ మహానుభావుడు ఏడాది ఒక్కటి అడిగి మిగతాది తనే నింపేశాడు.

ఒక్క అక్షరం మార్చాలంటే ఆధార్ కేంద్రానికి వెళ్ళాలి, అది మా ఊళ్ళో ఉండొచ్చు ఉండకపోవచ్చు. ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవ. ఖాతాలో చాన్నాళ్ళు లావాదేవీ లేకపోతే ఆగిపోతుంది, దాన్ని మళ్ళీ తెరిపించడానికి బ్యాంకు. వెళ్ళిన ప్రతిసారీ నాన్నకు ఒక రోజు కూలీ పోతుంది. ఒక పిల్ల విషయంలో ఒక బ్యాంకు శాఖ చుట్టూ ఎంత తిరిగామంటే, అక్కడి సెక్యూరిటీ గార్డు మమ్మల్ని చూడగానే "మేనేజరు సారు లీవులో ఉన్నరు" అని దూరం నుంచే చెప్పేవాడు. అంత మెంటల్ ఎబిలిటీ చూపించి పరీక్ష నెగ్గిన పిల్ల మొదటి ఏడాది డబ్బు చూసింది చాలా ఆలస్యంగా.

ఇంకో మెలిక ఉంది, ఇది తల్లిదండ్రులకు చివరిదాకా తెలియదు. స్కాలర్‌షిప్ సాగాలంటే పిల్లలు సర్కారు లేదా ఎయిడెడ్ సంస్థలోనే చదువు కొనసాగించాలి. పదో తరగతిలో మార్కులు బాగా వస్తే ఏదో ఒక ప్రైవేటు కాలేజీ పీఆర్‌ఓ ఇంటికొచ్చి, ఫీజు సగం తగ్గిస్తాం అంటాడు. ఇంట్లోవాళ్ళు మురిసిపోయి చేర్పిస్తారు. మిగిలిన రెండేళ్ళ 24,000 అక్కడితో సరి. తగ్గించిన ఫీజు, పోయిన స్కాలర్‌షిప్ పక్కపక్కన రాసి చూపించాకే నిర్ణయం తీసుకోమంటాను. కొందరు వింటారు.

ఆటల సంగతికొస్తే, నాకు ఖోఖో రాదు. కానీ ఆడపిల్లల జట్టు బయటికి వెళ్తే తోడుగా ఒక మేడం ఉండాలి, అందరికంటే తొందరగా ఒప్పుకునేది నేనే కాబట్టి ఇప్పుడు నాకు ఖోఖో చూడటం వచ్చు. సర్కారు బళ్ళలో ఈ ఆట ఇంతగా నిలబడటానికి కారణం సులువు: రెండు కర్రలు, కొంచెం ముగ్గు పిండి ఉంటే చాలు. జట్టులో పన్నెండు మంది, ఆడేది తొమ్మిది మంది. ఎనిమిది మంది వరసలో ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు, తొమ్మిదో పిల్ల తరుముతుంది. చూసేవాళ్ళ కళ్ళన్నీ తరిమే పిల్ల మీదే ఉంటాయి. మా పీఈటీ సారు మాత్రం కూర్చున్నవాళ్ళను చూడమంటాడు. వీపు మీద చెయ్యి పడి "ఖో" వినపడకముందే లేచే పిల్లను ఫౌల్ పట్టుకుంటుంది, విన్నాక ఆలోచించే పిల్లను రన్నర్ దాటేస్తుంది. ఆ అరక్షణం సాధన కోసం పొద్దున ఆరున్నరకు బళ్ళో ఉంటారు.

మండలం దాటి జోన్‌కు, అక్కడి నుంచి జిల్లాకు వెళ్ళాలంటే మళ్ళీ కాగితాలే. ఫోటో అంటించిన బోనఫైడ్, ఆ ఫోటో మీదుగా హెడ్మాస్టర్ సంతకం, పుట్టిన తేదీ రుజువు, ఆధార్. అండర్-14 పోటీల్లో తేదీ తేడా వస్తే అవతలి జట్టు అభ్యంతరం పెడుతుంది. ఆ జనవరి 1 అక్కడ కూడా మా వెంటే వస్తుంది.

ఒక్క విషయంలో పని తేలికైంది. 2023 డిసెంబర్‌లో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం వచ్చాక అమ్మాయిల జట్టుకు దారి ఖర్చు తప్పింది. అంతకుముందు పీఈటీ సారు జేబులోంచే పోయేది, తిరిగి రావడం అరుదు. ఇప్పుడు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటారు. అదే బస్సులో మగపిల్లల జట్టు డబ్బులిచ్చి కూర్చుంటుంది. "మేం ఓడిపోయినా మాకు నష్టం లేదు, మీరు మాత్రం టికెట్ పైసలు వసూలు చెయ్యాలె" అని అమ్మాయిలు దారంతా ఏడిపిస్తారు.

బస్సుకు దొరికిన పరిష్కారం పత్తికి దొరకలేదు. కాయ పగిలే కాలం, పోటీల కాలం ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒక తల్లి బడి గేటు దగ్గరే నిలబడి, "చేనంతా పగిలి ఉన్నది మేడం, ఇప్పుడే పెట్టాల్నా గేమ్స్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. షెడ్యూల్ వేసేవాళ్ళకు పత్తి చేను కనపడదు. ఆ పిల్ల మా జట్టులో అందరికంటే బాగా పోల్ (చివరి కర్ర) చుట్టూ తిరిగేది. శనివారం చేనులో ఏరి, ఆదివారం సాధనకు వచ్చి, సోమవారం పోటీకి వచ్చింది. వేళ్ళ చివర్లన్నీ గీరుకుపోయి ఉన్నాయి.

మాకు దూరం కాని పర్వతగిరి మండలంలో కల్లెడ ఉంది. జీవంజి దీప్తిది ఆ ఊరే. మేధో వైకల్యం ఉన్నవాళ్ళ టీ20 విభాగంలో, 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు విలువిద్యలో వెళ్ళిన వర్ధినేని ప్రణీతది కూడా కల్లెడే. ఆ ఊరి నీళ్ళలోనే ఏదో ఉందని మా దగ్గర అంటుంటారు. నేననుకునేది వేరు. అక్కడ పిల్లలు పరుగెత్తడానికి చోటుంది, పరుగెత్తుతుంటే గమనించి ఇంటికెళ్ళి మాట్లాడిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడు. చాలా బళ్ళలో ఆ పోస్టే ఖాళీ. ఉన్నచోట గ్రౌండ్ సగం కొత్త గదులకు పోయింది.

సైన్స్ ఫెయిర్ గురించి ఎక్కువ రాయను, నాకు కొంచెం చిరాకు. సిరంజిలతో పైకి లేచే జేసీబీ, వంట సోడాతో పొంగే అగ్నిపర్వతం, చెయ్యి పెడితే మూత తెరుచుకునే చెత్తబుట్ట ప్రతి ఏటా ఉంటాయి. కిట్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తారు, వివరణ బట్టీ పట్టిస్తారు. ఇన్‌స్పైర్ మానక్ కింద ఎంపికైన ఆలోచనకు నమూనా తయారు చేసుకోమని పిల్లల ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు, మంచి పథకం. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఎంపిక కాని ఒక నమూనా. పత్తి కాయ మొనలు గుచ్చుకోకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో వేలి తొడుగులు చేసి తెచ్చింది ఒక పిల్ల. బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి మాత్రమే. మిగతా రెండు వేళ్ళకు ఎందుకు లేవని జడ్జి గారు అడిగితే, "ఏరేది మూడు వేళ్ళతోనే కద సార్" అంది. మెరిసే లైట్లేమీ లేవు కాబట్టి ఆ టేబుల్ దగ్గర ఎవరూ ఆగలేదు. ఆ తొడుగులు ఇప్పుడు వాళ్ళమ్మ వాడుతోంది.

పూర్వ విద్యార్థులు ఇది చదువుతారని తెలుసు. ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్న ప్రతి బ్యాచ్ బడికి ఏదో ఒకటి ఇచ్చి వెళ్తోంది. సరస్వతి విగ్రహం వచ్చింది, మైక్ సెట్ వచ్చింది, బీరువాలు వచ్చాయి. కప్పులు పెట్టడానికి బీరువాలు చాలినన్ని ఉన్నాయి. ఈసారి ఇచ్చేవాళ్ళుంటే ఒక ఆదివారం ఇవ్వండి. ల్యాప్‌టాప్, హాట్‌స్పాట్ పట్టుకుని బడికి రండి, స్కాలర్‌షిప్ పిల్లల రెన్యువళ్ళు కూర్చుని చేసిపెడదాం. పేర్లు ఎవరివి ఎక్కడ తేడా ఉన్నాయో జాబితా నా దగ్గర ఉంది. గడువు తేదీ తెలియగానే ఇక్కడే రాస్తాను. అన్నిటికంటే ముందు ఓటీపీ వచ్చే ఫోన్ ఎక్కడుందో కనుక్కోవాలి. మామూలుగా అది నాన్న దగ్గర ఉంటుంది, నాన్న చేనులో ఉంటాడు, చేనులో సిగ్నల్ ఉండదు. కాబట్టి బైకు మీద వస్తే ఇంకా మంచిది.