ఈ పొడి చర్మానికి పడుతుందా?

హైదరాబాద్ శివార్లలోని జీనోమ్ వ్యాలీలో, రసాయనాల విషగుణం పరీక్షించే టాక్సికాలజీ ల్యాబ్‌లో పనిచేస్తానని చెప్పగానే మా చుట్టాల్లో సగం మంది అడిగేది "కుందేళ్ళని చంపుతారా?" అని. మిగతా సగం ఏమీ అడగరు, నేనిచ్చిన టీ మాత్రం కాస్త అనుమానంగా తాగుతారు. మా సెక్షన్‌లో కుందేళ్ళు లేవు. మనిషి చర్మం ఉంది. ఆపరేషన్లప్పుడు తీసేసిన చర్మం నుంచి అనుమతితో తీసుకున్న కణాలని పెంచి, పొరలు పొరలుగా తయారుచేసిన బాహ్యచర్మం. చిన్న ప్లాస్టిక్ కప్పు అడుగున, పాల మీద మీగడలా, 0.63 చదరపు సెంటీమీటర్ల మేర ఉంటుంది. పైన ఎండిన పొర కూడా ఉంటుంది, మన ఒంటి మీద ఉన్నట్టే.

ఈమధ్య ఒక బల్క్ డ్రగ్ కంపెనీ నుంచి మాకు తెల్లటి పొడి ఒకటి వచ్చింది. ఏదో మందు తయారీలో మధ్యలో వచ్చే ఇంటర్మీడియట్, హైడ్రోక్లోరైడ్ సాల్ట్. వాళ్ళకి కావాల్సిన జవాబు ఒక్కటే: చర్మాన్ని రేపి ఎర్రబరిచే సరుకు (ఇరిటెంట్) అని హెచ్చరిస్తూ డ్రమ్ము మీద ఎర్ర గళ్ళో ఆశ్చర్యార్థకం గుర్తు వెయ్యాలా, అక్కర్లేదా?

అందరూ అనుకునేట్టు తెచ్చిన పొడిని తెచ్చినట్టు చర్మం మీద చల్లెయ్యం. ముందు నీళ్ళలో కలిపి పీహెచ్, అంటే అది ఎంత ఆమ్లమో ఎంత క్షారమో, చూస్తాం. 2గానీ అంతకంటే తక్కువగానీ, 11.5గానీ అంతకంటే ఎక్కువగానీ వస్తే అది ఇరిటేషన్‌తో ఆగే సరుకు కాదు, చర్మాన్ని కాల్చేసే రకమని అనుమానించాలి. దాని దారి వేరు. ఈ పొడి లాంటి అమైన్ హైడ్రోక్లోరైడ్‌లు మామూలుగా కొంచెం పులుపు వైపు ఉంటాయి, అంతే. ఇదీ అలాగే వచ్చింది. కానీ పీహెచ్ బాగుంది కదా అని ఊరుకోలేం. క్రిముల్ని చంపడానికి వాడే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే సాల్ట్ ద్రావణం పీహెచ్ దాదాపు తటస్థంగానే ఉంటుంది, గాఢత పెరిగితే మాత్రం కణాల పొరల్ని చీల్చేస్తుంది.

రెండో చెకింగ్ నాకు చాలా ఇష్టం. ఈ పరీక్షలో ఆఖరి జవాబు చెప్పేది ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థం. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగుకి మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఊదా ఎంత ఉంటే ప్రాణం అంత ఉన్నట్టు. అయితే కొన్ని రసాయనాలు కణాల అవసరమే లేకుండా ఎంటీటీని తామే ఊదా చేసేస్తాయి. విటమిన్ సి సోడియం సాల్ట్, సోడియం ఆస్కార్బేట్, ఆ పని చేస్తుంది. అలాంటి పొడి కొంచెం టిష్యూలో, అంటే కప్పులోని ఆ చర్మంలో, మిగిలిపోతే, చచ్చిన చర్మం కూడా బతికున్నట్టు దొంగ లెక్క చెబుతుంది. అందుకని ముందే పొడిని ఎంటీటీ ద్రావణంలో వేసి రంగు మారుతుందేమో చూస్తాం. మారితే, గడ్డకట్టించి చంపిన టిష్యూల మీద కూడా అదే పొడి వేసి, ఆ దొంగ ఊదాని లెక్కలోంచి తీసెయ్యాలి. మా పొడి పసుపుని పసుపుగానే ఉంచింది.

అసలు టెన్షన్ టిష్యూలు రావడం. అవి విదేశంలో తయారై, చల్లటి పెట్టెలో విమానమెక్కి శంషాబాద్‌లో దిగుతాయి. ప్రాణమున్న సరుకు. కస్టమ్స్‌లో కాగితం ఒకటి తక్కువైందంటే వాటి ఆయుష్షు అక్కడే కరిగిపోతుంది. పెట్టె చేతికొచ్చేదాకా మా స్టడీ డైరెక్టర్ ఫోన్ కింద పెట్టరు.

డోసింగ్, అంటే టిష్యూ మీద పొడి వెయ్యడం, ఎప్పుడూ మధ్యాహ్నమే పెట్టుకుంటాం. కారణం సైన్స్ కాదు, మా నిద్ర. పొడి కడిగేశాక టిష్యూని 42 గంటలు ఇంక్యుబేటర్‌లో ఉంచాలి. బుధవారం సాయంత్రం నాలుగింటికి కడిగితే శుక్రవారం ఉదయం పదింటికి అవుతుంది, ఉప్పల్ నుంచి కంపెనీ బస్సులో తీరిగ్గా రావొచ్చు. అదే పొద్దున పదింటికి కడిగామా, తెల్లవారుజామున నాలుగింటికి శామీర్‌పేట దగ్గరున్న ల్యాబ్‌లో ఉండాలి.

టిష్యూ మీద 25 మైక్రోలీటర్ల ద్రవం వేసి, 25 మిల్లీగ్రాముల పొడి పరుస్తాం. పొడి పొడిగా ఉంటే చర్మానికి సరిగ్గా తగలదు, తడిస్తేనే దాని గుణం బయటపడుతుంది. వానాకాలంలో కొన్ని సాల్ట్‌లకి ఈ శ్రమ అక్కర్లేదు, తూచేలోపే బ్యాలెన్స్ మీద చెమరుస్తాయి. మేం వాడే రకం టిష్యూ మీద పొడిని గంట సేపు ఉంచాలి. తర్వాత బఫర్‌తో పదే పదే కడగాలి. పక్కనే పోలిక కోసం రెండు కంట్రోల్స్ నడుస్తాయి. ఏమీ చెయ్యనిది ఫాస్ఫేట్ బఫర్, అందులో ఎక్కువ భాగం మన వంటింటి ఉప్పే. ఖాయంగా చంపేది 5 శాతం సోడియం డోడెసిల్ సల్ఫేట్. షాంపూ నురగకి వాడే కుటుంబం. అదీ సోడియం సాల్టే. అందుకే "అది సాల్టేగా, ఏం చేస్తుంది?" అని ఎవరైనా అంటే నాకు ఆ రెండు వరసలు గుర్తొస్తాయి. ఒకటి ముదురు ఊదా, ఇంకొకటి వెలవెల.

మా సీనియర్ ఒకాయన ఉద్యోగం మొదట్లో కుందేళ్ళ మీద చేసినవారే. 1944లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి చెందిన జాన్ డ్రేజ్ బృందం ప్రచురించిన పద్ధతి నుంచి వచ్చింది అది. వీపు మీద బొచ్చు తీసి, అర గ్రాము పొడిని తడిపి, గాజుగుడ్డ కింద నాలుగు గంటలు ఉంచడం. తీసిన గంటకి, తర్వాత 24, 48, 72 గంటలకి ఎరుపుకీ వాపుకీ సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు. "ఒకే ఎరుపుకి నేను ఒకటి వేసేవాణ్ని, నా పక్కవాడు రెండు వేసేవాడు" అంటారాయన. రసాయనాల పరీక్షా పద్ధతులకి మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ ఓఈసీడీ 2010లో 439 నంబరు మార్గదర్శకం తెచ్చాక కప్పులోని చర్మంతోనే ఈ ప్రశ్న తేల్చే దారి దొరికింది. మన దేశంలో 2014లో కాస్మెటిక్స్‌కి జంతు పరీక్షలు నిషేధించారు. మందులకీ ఫ్యాక్టరీ రసాయనాలకీ ఆ నిషేధం వర్తించదు, ఈ తేడా చాలామందికి తెలీదు.

శుక్రవారం ఎంటీటీ వేసి ఊదా రీడింగ్ తీశాం. బఫర్ వేసిన వాటితో పోలిస్తే మూడు టిష్యూల సగటు ప్రాణం 50 శాతమో, అంతకంటే తక్కువో అయితే ఇరిటెంట్. మా పొడి 50కి పైనే నిలిచింది, హాయిగా ఊపిరి పీల్చుకునేంత పైన కాదు. అయినా గీత గీతే. గుర్తు అక్కర్లేదని రిపోర్టు వెళ్ళింది.

రిపోర్టు అందాక ఆ ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్ ఫోన్ చేశారు. "మేడమ్, మీరేమో ఏం కాదంటున్నారు. మా ప్యాకింగ్ కుర్రాళ్ళకి మణికట్ల దగ్గర ఒకటే దురద. వాళ్ళకి ఏం చెప్పమంటారు?"

ఆయన కోపం న్యాయమే అనిపించింది. మా కప్పులో నరాలు లేవు, రక్తనాళాలు లేవు, చెమట గ్రంథులు లేవు. దానికి దురద పుట్టదు, అది ఎర్రబడదు. మా అమ్మ ఓసారి అడిగింది, "గడ్డం గీసుకున్నాక మీ నాన్న పటిక రుద్దుకుంటే చురుక్కుమంటుంది కదే, అదీ ఇరిటెంటేనా?" అని. ఆ చురుకు నరం చెప్పే మాట. కణాలు చావడం వేరే సంగతి. పైగా మేం చూసింది ఒక్కసారి, ఒక్క గంట. ఆ కుర్రాళ్ళది ఎనిమిది గంటల షిఫ్టు, గ్లవ్ అంచు దగ్గర చెమట, అందులో కరిగిన పొడి, మధ్యలో సబ్బుతో కడుగుడు, మళ్ళీ అదే గ్లవ్.

ఇంకో అనుమానం కూడా చెప్పాను: అలర్జీ. అది మొదటిరోజు కనపడదు, మళ్ళీ మళ్ళీ తగిలే కొద్దీ ముదురుతుంది. మేస్త్రీల చేతులు పగిలి పొక్కులు రావడానికి సిమెంటులో ఉండే క్రోమియం-6 లవణాలు ఒక పెద్ద కారణం. యూరప్ 2005 నుంచి ఆ మోతాదుకి మిలియన్‌కి 2 భాగాల హద్దు పెట్టింది. దాన్ని తగ్గించడానికి సిమెంటులో కలిపేది ఫెర్రస్ సల్ఫేట్, ఇంకో సాల్ట్. అలర్జీ తేల్చే పరీక్షలు ఓఈసీడీ 442 వరసలో వేరేగా ఉన్నాయి, మా 439 దాని గురించి ఒక్క మాట చెప్పదు.

"అయితే ఆ పొడి ఒకరి చేతికి రాసి చూద్దామా?" అన్నారాయన. వద్దే వద్దన్నాను. ప్యాచ్ టెస్టు చర్మ డాక్టరు చెయ్యాల్సిన పని. పొటాషియం డైక్రోమేట్, నికెల్ సల్ఫేట్ లాంటివి తెలిసిన గాఢతలో వీపు మీద అంటించి, రెండు రోజులకి తీసి చూస్తారు, ఆ తర్వాత మరోసారి చూస్తారు. ఎంత గాఢతలో వెయ్యాలో ఎవరికీ తెలియని ఫ్యాక్టరీ పొడిని ఉన్నదున్నట్టు అంటిస్తే చర్మం కాలొచ్చు, లేని అలర్జీ కొత్తగా పట్టుకోవచ్చు.

442 పరీక్షలకి కొటేషన్ పంపాం, వాళ్ళ పర్చేజ్ డిపార్ట్‌మెంట్ ఇంకా బేరమాడుతోంది. ఈలోగా ఆయన గ్లవ్స్ లోపలికి కాటన్ లైనర్లు తెప్పించి షిఫ్టు మధ్యలో మార్పిస్తున్నారట, దురద ఉన్న వాళ్ళని డాక్టరు దగ్గరికి పంపుతున్నారట. డ్రమ్ముల మీద గుర్తు లేదుగానీ, ప్యాకింగ్ రూమ్ తలుపు మీద తెలుగులో, హిందీలో ఒక హెచ్చరిక కాగితం అంటించారు. ఒడియాలో కూడా రాయించమని చెప్పాను, ఆ లైన్‌లో సగం మంది ఒడిశా నుంచి వచ్చినవాళ్ళేనని ఆయనే అన్నారు.