పందుల్లో పీఆర్‌ఆర్‌ఎస్ కొత్త వేరియంట్‌ను పట్టుకోవాలంటే

2020 చివర్లో అమెరికాలోని దక్షిణ మిన్నెసోటా, ఉత్తర అయోవా పందుల ఫారాల్లో పీఆర్‌ఆర్‌ఎస్ (పందుల గర్భాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీసే వైరస్ జబ్బు) ఒక్కసారిగా ముదిరింది. తల్లి పందులు ఈసుకుపోయాయి (గర్భం పోయింది), చచ్చిపోయినవీ ఉన్నాయి. వైరస్ జన్యువుల అక్షర వరుస చదివితే (సీక్వెన్స్ చేస్తే) 1సీ లినియేజి అనే వంశంలో కొత్త వేరియంట్ అని తేలింది. ఇప్పుడు దాన్ని 1సీ.5 అంటున్నారు గానీ, మొదట్లో అందరి నోటా నానింది "1-4-4" అనే పేరే. చిక్కంతా ఆ పేరుతోనే.

వైరస్ పైపొర ప్రోటీన్‌ను తయారుచేసే ఓఆర్‌ఎఫ్5 జన్యువును మూడు ఎంజైములు (ఎంఎల్‌యూ1, హింక్2, సాక్2) ఎక్కడెక్కడ కోస్తాయో చూసి ఒక్కో ఎంజైముకు ఒక అంకె వేస్తారు, "1-4-4" అలా వచ్చిందే. కోసే చోట ఒక్క బేస్ (జన్యువులోని ఒక అక్షరం) మారినా అంకె మారిపోతుంది. అందుకే దగ్గరి చుట్టాలకు వేరే నంబర్లు, చుట్టరికమే లేనివాటికి ఒకే నంబరు పడుతుంటాయి. రిపోర్టులో నంబరు చూసి "పాతదే మళ్లీ వచ్చింది" అనుకోకండి. 603 బేస్‌ల సీక్వెన్స్ ఫైలే అడిగి తీసుకోండి.

అసలు ఆ సీక్వెన్స్ వస్తుందా రాదా అన్నది శాంపిల్ తీసే చేతిలో ఉంటుంది.

పాలు తాగే పిల్లల్లో వెతకాలంటే విత్తులు తీసి తోకలు కత్తిరించే రోజే మంచి అదును, అంటే పుట్టిన 3 నుంచి 5 రోజులకు. బక్కెట్ మీద పలుచటి గాజ్ గుడ్డను (గాయాలకు కట్టే జాలీ గుడ్డ) జోలెలా వదులుగా పరిచి రబ్బరు బ్యాండు వేయండి. తీసిన విత్తులు, తోకలు అందులో వేస్తూ పోతే నెత్తురు కలిసిన నీరు అడుగుకు దిగుతుంది. పని అయ్యాక దాన్ని ట్యూబులోకి వంచి వెంటనే ఐస్‌లో పెట్టండి. పిల్లలను విడిగా గుచ్చకుండానే పదుల ఈతల సమాచారం ఒక ట్యూబులోకి వస్తుంది. బక్కెట్‌లో క్రిమిసంహారక మందు తడి మిగిలి ఉంటే మాత్రం వైరస్ ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. ఎండలో గంటల తరబడి వదిలేసినా అంతే. అప్పుడు నెగెటివ్ వస్తుంది, దాన్ని నమ్మడానికి లేదు.

పెరిగే పందులకు తాడు చాలు. మూడు పేటల నూలు తాడును వాటి భుజం ఎత్తులో కట్టి 20 నుంచి 30 నిమిషాలు నమలనివ్వాలి. 25 పందులకు ఒక తాడు. నైలాన్ తాడు చొంగ పీల్చదు, వద్దు. తడిసిన కొసను ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా పిండి, సంచి మూల కత్తిరించి ట్యూబులో పోయండి. దాణా పొడి, పేడ ఎక్కువగా కలిస్తే పీసీఆర్ (వైరస్ జన్యువును రెట్టింపులు చేసి పట్టే పరీక్ష) అడ్డం తిరుగుతుంది.

అయితే చొంగ వైరస్ ఉందో లేదో చెప్పడానికి బాగుంటుంది గానీ సీక్వెన్స్‌కు అంత నమ్మకం కాదు. పీసీఆర్‌లో సీటీ విలువ (వైరస్ కనబడడానికి పట్టిన రెట్టింపుల సంఖ్య) 30 దాటితే ఓఆర్‌ఎఫ్5 చదవడం కష్టమవుతూ వస్తుంది. సీటీ 3.3 పెరిగిందంటే వైరస్ పదో వంతుకు తగ్గినట్టు లెక్క. కాబట్టి తాడు పాజిటివ్ వచ్చిన గదిలో థర్మామీటరు పెట్టి చూసి, జ్వరం ఉన్న నాలుగైదు పందుల రక్తం తీసి సీరం పంపండి. ఈ రెండో అడుగు చాలామంది వదిలేస్తారు, నష్టం అక్కడే.

చదివే దగ్గర ఒక లెక్క. మీ ఫారం పాత సీక్వెన్స్‌తో పోల్చితే 603లో ఐదారు బేస్‌లే తేడా ఉంటే అది మీ దగ్గరే మారిన వైరస్ అనుకోవచ్చు. ముప్పై తేడా ఉంటే బయటి నుంచి వచ్చినట్టే: లారీ, కొత్తగా తెచ్చిన ఆడ పందులు, పక్క ఫారం, అన్నీ వెతకాలి. లైవ్ టీకా (బలం తగ్గించిన బతికున్న వైరస్‌తో చేసినది) వేసి ఉంటే ముందు టీకా స్ట్రెయిన్‌తో పోల్చండి, 99% కలిస్తే అది టీకా వైరసే అనుకోవచ్చు.

ఈతలు కలిపిన ట్యూబులో రెండు వైరస్‌లు ఉంటే ఎక్కువగా ఉన్నదే కనిపించి రెండోది దాక్కుంటుంది. క్రొమాటోగ్రామ్‌లో (సీక్వెన్స్ యంత్రం గీసే గ్రాఫులో) ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తే అనుమానించి, కలపకుండా విడి సీరాలు పంపాలి. ఇంకో సంగతి, మొత్తం జీనోమ్ సుమారు 15,000 బేస్‌లు, ఓఆర్‌ఎఫ్5 అందులో 4% మాత్రమే. రెండు వైరస్‌ల ముక్కలు అతుక్కుని పుట్టిన రీకాంబినెంట్ అందులో బయటపడకపోవచ్చు. ఓఆర్‌ఎఫ్5 పాతదేనని చెబుతున్నా షెడ్డులో చావులు పెరుగుతుంటే, సీటీ తక్కువున్న సీరం చూసి పూర్తి జీనోమ్‌కు పంపండి.