చేయి బాగుపడింది గానీ లెక్క తప్పింది

పక్షవాతం వచ్చిన మూడో నెలకు నా కుడిచేయి దాదాపు మునుపటిలాగే పనిచేయసాగింది, మాట తడబాటు కూడా పోయింది. చూసినవారంతా గండం గడిచిందన్నారు. ఇంకా గడవలేదని నాకు తెలిసింది ఇంటి ఖర్చుల పుస్తకం ముందు కూర్చున్న రోజున. పక్క వరుసకు తీసుకుపోవలసిన అంకె మరచిపోయి, అదే మొత్తాన్ని నాలుగుసార్లు కూడితే నాలుగు రకాలుగా వచ్చింది.

ఈ సంగతి చెప్పగానే న్యూరాలజిస్టు నాకు జ్ఞాపకశక్తి, ఆలోచన ఎలా ఉన్నాయో చూసే మోకా అనే పరీక్ష పెట్టారు. పది నిమిషాల్లో ముగిసే ఆ పరీక్షలో, గడియారం గీసి పదకొండు గంటల పది నిమిషాలు చూపమన్నప్పుడు నేను ఒక ముల్లును పదకొండు మీద, రెండోదాన్ని పది మీద పెట్టి, సరిగ్గానే గీశానన్న నమ్మకంతో కాగితం తిరిగి ఇచ్చాను. మొదట చెప్పిన ఐదు మాటల్లో చివర ఒక్కటే గుర్తుకొచ్చింది. అయితే అది ఏ రకానికి చెందిన వస్తువో సూచన ఇవ్వగానే మరో రెండు బయటపడ్డాయి. 30కి 22 వచ్చాయి. మామూలుగా 26, ఆపైన ఉండాలి. మాటలు లోపలికి చేరుతున్నాయని, వెతికి బయటకు తీయడమే నెమ్మదించిందని, మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతిన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుందని డాక్టరు గారు వివరించారు.

జ్ఞాపకశక్తికి మందు రాయమని అడిగాను. రక్తపోటు మాత్రలే మీకు ఆ మందు అన్నారాయన. మరో స్ట్రోక్ వస్తే మతిమరుపు ఒక్కసారిగా ముదరవచ్చు కాబట్టి ముందు దాన్ని ఆపాలని, బీపీని 130/80 లోపు ఉంచాలని చెప్పారు. అప్పటినుంచి ఉదయం, సాయంత్రం ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చేయి బల్లమీద ఆనించి, రెండేసిసార్లు చూసి రాసుకుంటున్నాను. నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగుతోందని మా ఆవిడ చెప్పిన మాటను నేను కొట్టిపారేసినా ఆయన పట్టించుకున్నారు. నిద్ర పరీక్షలో అది నిజమేనని తేలి, రాత్రిపూట ఊపిరి ఆగకుండా గాలిని లోపలికి తోసే సీప్యాప్ యంత్రం మాస్కు పెట్టుకోవలసి వచ్చింది. మొదటి రెండు వారాలు దాన్ని విసిరికొట్టాలనిపించింది. ఆ తర్వాత పగటి మగత తగ్గేసరికి నా ఫిర్యాదులు కూడా తగ్గాయి. ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడాన్ని నేను నీరసం అనుకున్నాను. అది డిప్రెషన్ అని, స్ట్రోక్ తర్వాత చాలామందికి వస్తుందని, దానివల్ల కూడా ఆలోచన మందగిస్తుందని చెప్పి దానికీ చికిత్స చేశారు.

అందరూ సలహా ఇచ్చిన సుడోకు రెండు నెలలు పట్టుదలగా చేశాను. సుడోకు బాగా వచ్చింది, లెక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకే ఆ సమయాన్ని వారానికి 150 నిమిషాల చురుకైన నడకకూ, తప్పులొచ్చినా సరే ఇంటి లెక్కలు నేనే రాయడానికీ మళ్లించాను.

ఏడాది తర్వాత మోకా మళ్లీ పెట్టారు. పాత ఐదు మాటలూ కంఠస్థం చేసి వెళ్లాను. ఈసారి వేరే మాటలు అడిగారు. అయినా 25 వచ్చాయి. పక్క వరుసకు పోయే అంకెను ఇప్పుడు పెన్సిలుతో పైన చిన్నగా రాసుకుంటున్నాను. నెల ఖర్చుల మొత్తం చాలావరకు రెండోసారి కూడేసరికి సరిపోతోంది.