ఒక్క ఊరు, ఒక్క వారం: ఆల్ప్స్‌లో సైకిల్ తొక్కడానికి మేం సిద్ధమైన తీరు

యూరప్ వెళ్తున్నామని ఆఫీసులో చెప్పగానే వచ్చిన మొదటి ప్రశ్న, "ఎన్ని దేశాలు కవర్ చేస్తున్నారు?" అని. వారమంతా ఒక్క ఊళ్లోనే ఉంటాం, పొద్దున్నే తీగల మీద నడిచే లిఫ్టెక్కి కొండ మీదికెళ్లి సైకిల్ మీద దిగుతాం, మళ్లీ ఎక్కుతాం, మళ్లీ దిగుతాం అని చెప్పాను. "అంత దూరం పోయి ఈఫిల్ టవర్ కూడా చూడరా?" అని మా టీమ్ లీడ్ నిజంగానే బాధపడ్డాడు. మౌంటెన్ బైకింగ్‌కి మన టూర్ల లెక్క పనికిరాదు. ఊరు మారితే అద్దె సైకిల్ మారుతుంది, లిఫ్ట్ పాస్ మారుతుంది, దారులు మళ్లీ మొదటి నుంచీ తెలుసుకోవాలి. అందుకే ఒక్క ఊరు చాలని ముందే అనుకున్నాం.

మేం అంటే ముగ్గురం. మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది, నేను, హైదరాబాద్‌లో నాతో పాటు ఆదివారాలు సైకిల్ తొక్కే ఫ్రెండ్ ఒకడు. బావమరిదికి ఆల్ప్స్ పెరడు లాంటివి, శనివారం వస్తే అక్కడే ఉంటాడు. నాకు అనంతగిరి అడవి దారులు, బెంగళూరు వెళ్లినప్పుడు నంది హిల్స్ చుట్టుపక్కల మట్టి దారులు అలవాటు. ఫ్రెండ్‌కి మాత్రం ఓఆర్‌ఆర్ పక్కన వేసిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాకే లోకం. గంటల తరబడి తొక్కగలడు, రాళ్ల మీద దిగడం మాత్రం రాదు. కాబట్టి ప్లాన్ అతనికి సరిపోయేలా వేయాలి. బావమరిది మొహం కాస్త ముడుచుకుంది కానీ కాదనలేదు.

"ముందు ఒకటి తేల్చండి బావా. తొక్కుకుంటూ ఎక్కుదామా, లిఫ్టులో ఎక్కుదామా?" అన్నాడు. అసలు ప్రశ్న అదే. దక్షిణ జర్మనీలోని ఓబర్స్‌డోర్ఫ్ దగ్గర మొదలుపెట్టి, కనుమ తర్వాత కనుమ దాటుతూ, రాత్రికి ఎక్కడో గుడిసెలో పడుకుంటూ ఇటలీలోని గార్డా సరస్సు దాకా తొక్కుకుంటూ పోవడం ఒక పద్ధతి. ట్రాన్సాల్ప్ అంటారు. దానికి ఊపిరితిత్తులు కావాలి. రెండోది, చలికాలం స్కీయింగ్ చేసేవాళ్లని మోసే లిఫ్టులే ఎండాకాలం సైకిళ్లని మోసుకెళ్లి కొండ మీద దింపుతాయి, మనం దిగుతూ రావడమే. దీనికి చేతులు, మోకాళ్లు, ధైర్యం కావాలి. వారం రోజుల సెలవుకి రెండోదే మేలనుకున్నాం.

తర్వాత చోటు. బావమరిది ఆస్ట్రియాలోని సాల్‌బాక్ అన్నాడు, మ్యూనిక్ నుంచి కారులో వెళ్లిపోవచ్చని. మంచి చోటే. కానీ ఆస్ట్రియాలో అడవి చట్టం గట్టిది, సైకిళ్లకు అనుమతి ఉందని బోర్డు పెట్టిన దారిలోనే పోవాలి. పైగా మేమిద్దరం హైదరాబాద్ నుంచి రావాలి. నేను పోర్ట్ డ్యు సొలేయ్ అన్నాను. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దు మీద 12 రిసార్టులు కలిసిన ప్రాంతం అది. ఒక్క పాస్‌తో రెండు దేశాల లిఫ్టులూ ఎక్కొచ్చు. జెనీవా విమానాశ్రయం నుంచి గంటన్నర లోపే అందులోని మోర్జీన్ అనే ఊరు చేరతాం. పక్క ఊరు లె జేలో 2004లో, 2022లో మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లు జరిగాయి. అది విని ఫ్రెండ్ భయపడ్డాడు. అదే లె జేలో పిల్లలు తొక్కే ఆకుపచ్చ దారులూ ఉన్నాయని చూపించాక తేరుకున్నాడు. స్కీయింగ్‌కి ఉన్నట్టే ఇక్కడా సులువైన దాని నుంచి కష్టమైన దాని దాకా వరసగా ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని దారులకు రంగులుంటాయి. మాకు కావాల్సింది నీలం ఎక్కువ, ఎరుపు కొంచెం.

చోటు కుదిరాక చాలామంది టికెట్లు చూస్తారు. మేం మాత్రం లిఫ్టుల క్యాలెండర్ ముందేసుకున్నాం, ఈ మొత్తం వ్యవహారంలో నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే. ఎండాకాలం సీజన్ సుమారుగా జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. అన్ని లిఫ్టులూ ఒకే రోజు తెరవవు, ఒకే రోజు మూయవు. కొన్ని జులై, ఆగస్టుల్లో మాత్రమే రోజూ తిరుగుతాయి. మనకు కావాల్సిన దారి పైన ఒక్క లిఫ్టు మూసి ఉంటే చాలు, అటు వైపు లోయ మొత్తం ప్లాన్‌లోంచి ఎగిరిపోతుంది. జూన్ చివర్లో పాస్‌పోర్ట్ (Pass'Portes) అనే పెద్ద సైకిల్ వేడుక ఉంటుంది. ప్రాంతమంతా చుట్టివచ్చే సుమారు 80 కిలోమీటర్ల సవారీ, వేల మంది వస్తారు. ఆ రద్దీలో ఫ్రెండ్‌ని దింపడం మాకు ఇష్టం లేకపోయింది. ఫ్రాన్స్‌లో స్కూళ్లకి వేసవి సెలవులు జులై మొదట్లో ఇస్తారు, ఆ తర్వాత గదుల ధరలు ఎక్కుతాయి. మధ్యలో చిక్కిన సన్నటి సందు జులై మొదటి వారం. రాత్రి తొమ్మిదింటి దాకా వెలుగుంటుంది, అది అదనపు లాభం.

వీసా విషయానికి వస్తే, దిగేది జెనీవాలో కాబట్టి స్విట్జర్లాండ్‌కి దరఖాస్తు చేయాలేమో అని ఫ్రెండ్ అన్నాడు. కాదు, ఎక్కువ రాత్రులు ఎక్కడుంటామో ఆ దేశానికే. మా గది మోర్జీన్‌లో, అంటే ఫ్రాన్స్‌లో. ఒక రోజు సైకిల్ మీద సరిహద్దు దాటి స్విట్జర్లాండ్ వెళ్లొస్తామన్న సంగతి కవర్ లెటర్‌లో రాసేశాం. రెండూ ఒకే వీసా చెల్లే షెంగెన్ దేశాలే, కొండ మీద గేటూ లేదు, పోలీసూ లేడు. ఫీజు 90 యూరోలు, దాని మీద వీసా సెంటర్ వాళ్ల సర్వీస్ చార్జీ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ ఇవ్వొచ్చు. ఏప్రిల్, మే వస్తే మన దగ్గర యూరప్ టూర్ల సీజన్, స్లాట్లు దొరకవు. అందుకని మార్చిలోనే హైదరాబాద్ సెంటర్‌లో వేలిముద్రలిచ్చేశాం. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్న్‌లు, ఆఫీసు లీవ్ లెటర్, ఇవన్నీ అందరికీ తెలిసిన తంతే. ఫ్రెండ్‌కి ఆన్‌సైట్ పిలుపు ఎప్పుడైనా రావచ్చన్న టెన్షన్ ఉండేది, వీసా వచ్చేదాకా పాస్‌పోర్ట్ మన చేతిలో ఉండదు కదా. పిలుపు రాలేదు.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం నిజంగా నలిగాం. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులు భరించే పాలసీ ఉండాలి. అది పది నిమిషాల్లో ఫోన్‌లోనే దొరుకుతుంది, వీసా వాళ్లు సరేనంటారు. కానీ పాలసీ పత్రం చివరి పేజీల్లోకి వెళ్తే వర్తించనివి అని ఒక జాబితా ఉంటుంది. స్కైడైవింగ్, పర్వతారోహణ, వాటి పక్కనే "సాహస క్రీడలు" అన్న ఒక్క మాట. లిఫ్టులో ఎక్కి సైకిల్ మీద దిగడం సాహస క్రీడా కాదా? ఒక కంపెనీకి ఫోన్ చేస్తే "సైక్లింగ్ కవర్ అవుతుంది సార్" అన్నారు. బైక్ పార్కు, డౌన్‌హిల్ అన్న మాటలు వాడి మళ్లీ అడిగితే హోల్డ్‌లో పెట్టారు. తర్వాత ఇంకొకరు లైన్‌లోకి వచ్చి కవర్ కాదన్నారు. మూడో ఆవిడ రెండింటికీ మధ్యలో ఏదో చెప్పింది. మాటలతో తేలదని ఆ కంపెనీని వదిలేసి, సాహస క్రీడలకు విడిగా రైడర్, అంటే అదనపు కవర్ ఇచ్చే ఇంకో పాలసీ వెతికాం. అందులో మౌంటెన్ బైకింగ్ పేరు రాసి ఉందా, లిఫ్టులున్న బైక్ పార్కులు కలుస్తాయా, కొండ మీద నుంచి దించే ఖర్చు ఇస్తారా అని మూడు ప్రశ్నలు మెయిల్‌లో పెట్టి, జవాబు కూడా మెయిల్‌లోనే తెప్పించుకున్నాం. ప్రీమియం రెట్టింపు దాటింది. ఇందులో పిసినారితనం పనికిరాదని నా అభిప్రాయం. స్విట్జర్లాండ్ వైపు హెలికాప్టర్ వచ్చిందంటే బిల్లు వేల ఫ్రాంకుల్లో ఉంటుంది. ఫ్రాన్స్ వైపు కూడా లిఫ్టుల పరిధిలో పడితే దించడానికి డబ్బులు తీసుకుంటారు. రెండు దేశాల్లోనూ పనిచేసే 112, స్విస్ అంబులెన్స్ నంబర్ 144 ముగ్గురం ఫోన్లలో పెట్టుకున్నాం. ఈ గొడవంతా మా ఆవిడ వినకుండా చూసుకోవడం ఇంకో పని. "అక్కకి హెలికాప్టర్ మాట చెప్పకండి బావా" అని అటు నుంచి రోజూ హెచ్చరిక.

సైకిల్ ఇక్కడి నుంచి తీసుకెళ్లాలా, అక్కడ అద్దెకు తీసుకోవాలా అన్నది పెద్ద చర్చేమీ కాలేదు. నాది ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్, అక్కడి రాళ్లకి నా నడుం పోతుంది. 160 మిల్లీమీటర్ల సస్పెన్షన్ ఉన్న, కొండ దిగుళ్లకి పనికొచ్చే ఎండ్యూరో సైకిళ్లు అద్దెకు మాట్లాడాం. వారం అద్దెతో మన దగ్గర ఓ మోస్తరు కొత్త సైకిల్ వచ్చేస్తుంది, ఆ లెక్క వేయకపోవడమే మంచిది. మొహం మొత్తం కప్పే హెల్మెట్, వీపు గార్డు అక్కడే. మోకాలి ప్యాడ్లు, గ్లవ్స్ మాత్రం మా కొలతకి సరిపోయేవి ఇక్కడి నుంచే.

అద్దె ఫారంలో ఎత్తు, బరువుతో పాటు ఒక ప్రశ్న ఉంది: బ్రేకులు ఎటు వైపు కావాలి? మన సైకిళ్లకి ముందు బ్రేకు కుడిచేతికి ఉంటుంది. యూరప్ ఖండంలో అది ఎడమచేతికి. నిటారు దిగుడులో కంగారుపడి అలవాటుగా ఎడమచేయి నొక్కామంటే ముందు చక్రం ఆగిపోయి హ్యాండిల్ మీదుగా గాల్లోకి ఎగురుతాం. మోర్జీన్‌కి బ్రిటిష్ వాళ్లు తెగ వస్తారు, వాళ్లదీ మన పద్ధతే, కాబట్టి షాపువాళ్లకి మార్చి ఇవ్వడం మామూలు పని. ముందే రాయించాం. అయినా షాపు ముందు ఖాళీ స్థలంలో రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూసుకున్నాకే లిఫ్టు వైపు కదిలాం.

సాధన సంగతి. హైదరాబాద్‌లో వెయ్యి మీటర్ల దిగుడు ఎక్కడి నుంచి తెస్తాం? దిగేటప్పుడు సీటు మీద కూర్చోకుండా పెడళ్ల మీద నిలబడే ఉండాలి, కాబట్టి తొడలు తట్టుకోవాలి. బ్రేకు పట్టీ పట్టీ ముంజేతులు కొయ్యబారిపోతాయి. అందుకని అపార్ట్‌మెంట్ మెట్లు, స్క్వాట్లు, చేతులకి బార్ పట్టుకుని వేలాడటం. ఆదివారాలు అనంతగిరి తీసుకెళ్లి ఫ్రెండ్‌కి మడమలు కిందికి దించడం, చక్రం ముందు కాకుండా పది మీటర్ల అవతలికి చూడటం అలవాటు చేశాను. వెళ్లాక మొదటి రోజుకి లైసెన్సున్న గైడ్‌ని పెట్టుకున్నాం. ఆ డబ్బు వారమంతా పనికొచ్చింది.

రోజువారీ ప్లాన్ కాగితం మీద చిన్నదే. మొదటి రెండు రోజులు మోర్జీన్ నడిబొడ్డున మొదలయ్యే ప్లెనె లిఫ్టు, అవతల లె జే దారులు. మధ్యలో ఒక రోజు పూర్తిగా సెలవు, మోంట్రియో సరస్సు దగ్గర కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చోవడానికి. తర్వాత సరిహద్దు రోజు: అవోరియాజ్ వైపు ఎక్కి, ఎండాకాలం మేకలు వీధుల్లో తిరిగే లెందరే పల్లె మీదుగా, 2,277 మీటర్ల ఎత్తున్న మొసెట్ శిఖరం చేరి, అటు వైపు స్విట్జర్లాండ్‌లోకి దిగడం. ఆ రోజు కాగితం మీద దారుల పేర్ల కంటే పెద్ద అక్షరాలతో రాసుకున్నది తిరుగు లిఫ్టు చివరి టైము. అది తప్పిందా, కొండ చుట్టూ తిరిగే రోడ్డు మీద మూడు సైకిళ్లు పట్టే టాక్సీ వెతుక్కోవాలి. పైగా జులై మధ్యాహ్నాలు ఉరుములు పుడతాయి, పిడుగుల భయముంటే లిఫ్టులు ఆపేస్తారు. కాబట్టి ఎంత బాగున్నా రెండింటికల్లా వెనక్కి తిరగాలని నియమం పెట్టుకున్నాం. నిజంగానే ఆ రోజు నాలుగింటికి ఉరిమింది, అప్పటికి మేం ఫ్రాన్స్ వైపు దిగిపోయాం. స్విట్జర్లాండ్ వైపు శాంపెరీ అనే ఊళ్లో 2011 మౌంటెన్ బైక్ ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగిన కొండ ఉంది. వానలో, బురదలో బ్రిటిష్ రేసర్ డానీ హార్ట్ డౌన్‌హిల్ పందెంలో 11 సెకన్లకు పైగా తేడాతో గెలిచింది అక్కడే. బావమరిది దాన్ని ప్లాన్‌లో ఎరుపు ఇంకుతో రాశాడు. పక్కన నేను "చూడటానికి మాత్రమే" అని చేర్చాను.

చివర్లో సామాను. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, రోజూ చీజ్ కరిగించి తినడం మా వల్ల కాదు కాబట్టి. అత్తయ్యగారు కొడుకు కోసం నెయ్యి డబ్బా, ఆవకాయ జాడీ సిద్ధం చేశారు. ఇక్కడి నుంచి యూరప్‌లోకి పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు, నెయ్యి కూడా అందులోకే వస్తుంది. ఆ మాట చెబితే "వాడికి నెయ్యి లేకుండా ఎలా బాబూ" అని ఆవిడ నన్నే కస్టమ్స్ ఆఫీసర్‌లా చూశారు. అక్కడ వెన్న దొరుకుతుంది, వాడే కాచుకుంటాడని నచ్చచెప్పాను. ఆవకాయకి, కందిపొడికి అడ్డులేదు. ఒక్క జాడీ అన్నది తూకం వేసేసరికి రెండయ్యింది, చెకిన్ పెట్టె 23 కిలోలు దాటింది. మోకాలి ప్యాడ్లు తీసి చేతి సంచిలో పెట్టుకున్నాను.