జనరల్ బాడీ జరిగిన ఆదివారం

అక్టోబరు 5, 2025
తిరుపతి

నిన్న ప్రపంచ జంతు దినోత్సవం. మా కుక్కల షెల్టర్లో కాలు పెట్టే సందు లేదు. కాలేజీ పిల్లలు, ఏదో క్లబ్బు వాళ్ళు బ్యానరుతో సహా దిగారు. అందరి చేతుల్లో బిస్కెట్ ప్యాకెట్లే, అందులో సగం చాక్లెట్ క్రీమువి. కుక్కలకు చాక్లెట్ విషమని చెబితే "ఒక్కటి పెడితే ఏమవుతుందిలే సార్" అన్నాడొకాయన. ఫోటో దిగాక ప్యాకెట్లు బల్ల మీద పెట్టి వెళ్ళారు. షెల్టర్ నడిపే మా కార్యదర్శి అక్క రాత్రి కూర్చుని క్రీమువి వేరు చేయించి, పక్క వీధి బడి పిల్లలకు పంపింది.

ఇవ్వాళ అదే షెడ్డు కింద వార్షిక జనరల్ బాడీ. ముప్పై కుర్చీలు వేస్తే సగం కూడా నిండలేదు. పదిన్నరకని కార్డు వేసుకున్నాం, పదకొండుకి మొదలైంది. మినిట్స్ రాసేది నేనే కాబట్టి నాకు తప్పదు.

సొసైటీగా రిజిస్టర్ కావాలంటే మన రాష్ట్రంలో 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మా కమిటీలో సరిగ్గా ఏడుగురున్నారు. అందులో ఒకాయన హైదరాబాదులో, ఒకామె అమెరికాలో కూతురి దగ్గర, ఇంకొకాయన సంతకం అడిగితే పెడతారు, రమ్మంటే రారు. ప్రెసిడెంటుగారు వెటర్నరీ ప్రొఫెసరుగా రిటైరైనవారు, మంచి మనిషి, మాట మెత్తన. ట్రెజరర్ సార్ ఒకప్పుడు సహకార బ్యాంకులో పనిచేశారు. ఐదు రూపాయలకి కూడా బిల్లు అడుగుతారని వాలంటీర్ పిల్లలు ఆయనకి చిల్లర సార్ అని పేరు పెట్టారు. మిగిలింది కార్యదర్శి అక్క, నేను. కాగితం మీద ఏడుగురం గానీ పన్నెండేళ్ళుగా ఈ చోటుని మోస్తున్నది అక్క ఒక్కతే అని తిరుపతిలో మమ్మల్ని ఎరిగినవాళ్ళందరికీ తెలుసు.

మీటింగు మొదలుకాకముందు వంటింటి వైపు వెళ్ళాను. వెంకన్న మొక్కుల పెరటాసి నెల కదా, మన వైపు శనివారాలే కాదు, చాలా ఇళ్ళల్లో నెలంతా నీచు ముట్టరు. చికెన్ అంగళ్ళు వెలవెలబోతాయి, మాకొచ్చే కోడికాళ్ళు, తలకాయలు, మెడలు కూడా ఆ మేరకు తగ్గిపోతాయి. మామూలు రోజుల్లో కొర్లగుంట, బైరాగిపట్టెడ అంగళ్ళ నుంచి డబ్బాలకు డబ్బాలు వస్తాయి. వాటిని నూకల్లో వేసి, పసుపు చల్లి ఉడికిస్తారు. ఈ నెలలో దేవుడి మొక్కు మనుషులది, పస్తు కుక్కలది అన్నట్టుంటుంది పరిస్థితి. కానీ ఇవ్వాళ గుండిగలో కోడి ముక్కలు బాగానే కనిపించాయి. విషయమేంటంటే అక్క జూలైలోనే రేణిగుంట వైపు ఒక హోల్‌సేల్ ఆయన్ని పట్టుకుని, పెరటాసికి తక్కువ ధరకి ఇచ్చేలా మాట తీసుకుంది. మిగతా లోటు గుడ్లతో సర్దుతున్నారు. షెల్టర్ నడపడం అంటే బావిలో దిగి కుక్కపిల్లను పైకి తేవడం అనుకుని వస్తారు చాలామంది. అలాంటి పని చేసేవాళ్ళు దొరుకుతారు. జూలైలో పెరటాసి గురించి ఆలోచించే మనిషి దొరకడమే కష్టం.

ట్రెజరర్ సార్ లెక్కలు చదివారు. మందులు, మేత, జీతాలు, కరెంటు బిల్లు, ఆటో బాడుగ. సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. తర్వాత ఆయన చల్లగా ఒక మాట చెప్పారు: దాతలకి పన్ను తగ్గించే 80జి రెన్యువల్‌కి అప్లికేషన్ గడువులోపే పెట్టేశానని. దాని విలువ అక్కడ ఎంతమందికి అర్థమైందో అనుమానమే. 2021లో సంస్థలకి కొత్తగా ఇచ్చిన 80జి రిజిస్ట్రేషన్లు ఐదేళ్ళకే. అవి 2026 మార్చితో ముగుస్తాయి. ముగియడానికి ఆరు నెలల ముందే మళ్ళీ పెట్టుకోవాలి, అంటే మొన్న సెప్టెంబరు 30 లోపు. అది తప్పితే దాతలకి పన్ను మినహాయింపు ఉండదు. మినహాయింపు లేకపోతే పెద్ద చందాలు ఇచ్చేవాళ్ళు చల్లగా జారుకుంటారు. ఇంత పని చేసి పెట్టిన మనిషికి ఒక్క చప్పట్టు పడలేదు. నిన్న తెల్లటి పమేరియన్‌ని ఎత్తుకుని ఫోటో దిగిన ఒకాయనకి మాత్రం ఈలలు పడ్డాయి.

తర్వాత ఏబీసీ సంగతి వచ్చింది, అంటే వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయడం. ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత ఊళ్ళో కుక్కల గురించి మాట్లాడని వీధి లేదు. అంతకుముందు 11న, ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నింటినీ షెల్టర్లలో పెట్టేయమన్నారు. 22న దాన్ని మార్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలమన్నారు, పిచ్చెక్కినవాటిని, మీదపడే వాటిని మాత్రం వదలొద్దన్నారు. ఎక్కడపడితే అక్కడ అన్నం పెట్టకుండా చోట్లు గుర్తించమన్నారు. కేసులో చేరాలనుకున్న స్వచ్ఛంద సంస్థలు రెండేసి లక్షలు కట్టమన్నది కూడా అదే ఉత్తర్వు. అది వినగానే ట్రెజరర్ సార్ "మనం చేరలేదు కదా?" అని నిజంగానే కంగారుపడ్డారు.

కుర్ర వాలంటీర్లకి మనమే ఏబీసీ మొదలుపెట్టాలని ఉంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మా పేజీ నడిపే అమ్మాయి చక్కగా మాట్లాడింది. 2023 నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ బోర్డు నుంచి ప్రాజెక్ట్ గుర్తింపు లేనిదే ఏ సంస్థా ఆపరేషన్లు చేయకూడదు. ఆపరేషన్ థియేటర్, ఆ పనిలో చెయ్యి తిరిగిన డాక్టరు, తర్వాత కుక్కలు కోలుకునే గదులు, ఎక్కడ పట్టామో ఎక్కడ వదిలామో రిజిస్టరు, అన్నీ ఉండాలి. మాకున్న డాక్టరుగారు వారానికి రెండు పూటలు వస్తారు. అక్క ఒక్క ముక్కలో తేల్చేసింది. "కుట్లు ఊడిన కుక్కని రాత్రి పదకొండుకి ఎవరు చూస్తారో చెప్పండి, రేపే అప్లికేషన్ పెడదాం." ఎవరూ చెప్పలేదు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. నాకు ఆ అమ్మాయి మీద జాలి వేసింది గానీ, న్యాయం అక్క వైపే ఉంది.

ఇంతలో గేటు దగ్గర హారన్. మంగళం వైపు నుంచి ఒకాయన కారులో అట్టపెట్టెతో వచ్చాడు, నాలుగు కుక్కపిల్లలు, కళ్ళు తెరిచి ఎన్నో రోజులు కాలేదు. మా కుక్కపిల్లల షెడ్డులో పార్వో అనే అంటుజబ్బు తగిలింది. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌కి లొంగదు, బ్లీచింగే దిక్కు. అందుకే గేటు దగ్గర పసుపు తొట్టిలో బ్లీచింగ్ నీళ్ళు పెట్టారు. ఎవరొచ్చినా చెప్పులతో సహా కాళ్ళు ముంచి రావాల్సిందే. ప్రెసిడెంటుగారి తోలు చెప్పుల్లో ఒకటి ఆ దెబ్బకి రంగు వెలిసి, ఇప్పుడు రెండూ రెండు జతలవిలా కనిపిస్తున్నాయి.

అక్క గేటు దాటి బయటికి వెళ్ళింది గానీ ఆయన్ని లోపలికి రానివ్వలేదు.

"ఇప్పుడు తీసుకోలేం నాయనా. లోపల జబ్బు ఉంది. టీకా పడని పిల్లల్ని తెచ్చి పెడితే వారంలో పోతాయి."

"మరి షెల్టర్ అని బోర్డెందుకు పెట్టుకున్నారు మేడమ్?"

"తల్లి యాడుంది?"

"తల్లి లేదు. రోడ్డు పక్కన ఇవే ఉంటే తెచ్చినా."

"తల్లి తిండికి పోయింటాది. ఎత్తుకొచ్చిన చోటే పెట్టి, దూరంగా నిలబడి చూడు. పొద్దు వాలేలోపు వస్తాది. రాకపోతే నాకు ఫోన్ చెయ్. మా పిల్లోడిని పాలు, సీసా ఇచ్చి పంపిస్తా. నీ ఇంటి మేడ మీద పది రోజులు పెట్టుకో."

ఆయన ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. డొనేషన్లు కావాలంటారు, పని మాత్రం చేయరు, దొంగ సంస్థలు, ఇంకా ఏవేవో. అక్క వీడియోలో పడుతూనే ఆ పిల్లల పొట్టలు తడిమి, అట్టపెట్టెలో గుడ్డ సరిచేసి, ఆయన నంబరు అడిగింది. విసుక్కుంటూనే ఇచ్చాడు.

అక్క దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. అది ఆడిట్‌కి పోదు, మీటింగులో చదవరు. కాదన్న ప్రతి కేసూ అందులో ఉంటుంది. మొదటి గడిలో తేదీ, రెండో దాంట్లో ఫోన్ నంబరు, మూడో దాంట్లో ఏం చెప్పి పంపాం, నాలుగో దాంట్లో తర్వాత ఏమైంది. ఆ నాలుగో గడి కోసం ఆమె రాత్రిళ్ళు ఫోన్లు చేస్తుంది. కొందరు ఎత్తరు, కొందరు తిడతారు. కొన్నిచోట్ల "తల్లి వచ్చింది" అని ఉంటుంది. కొన్నిచోట్ల చిన్న గీత, ఆ గీతకి అర్థం నేను అడగలేదు. తీసుకున్న ప్రాణుల రిజిస్టరు ప్రతి షెల్టర్లోనూ ఉంటుంది. కాదన్నవాళ్ళ రిజిస్టరు పెట్టుకున్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

తిరిగొచ్చి కూర్చున్నాక ఐదో అంశం. కార్యదర్శి పదవి నుంచి తప్పుకుంటానని అక్క రాతపూర్వకంగా ఇచ్చింది. మోకాళ్ళు నడవనివ్వడం లేదు, రాత్రి ఫోన్లకి నిద్ర లేదు, అరవై దాటింది. నేను కాగితం చదువుతుంటే ఎవరూ దగ్గలేదు కూడా.

ప్రెసిడెంటుగారికి మౌనం పడదు. జంతువుల కోసం పనిచేసే చెన్నై బ్లూక్రాస్ సంస్థ సంగతి ఎత్తారు. 1959లో పైలట్ కెప్టెన్ సుందరం, ఆయన భార్య ఉష వాన నీళ్ళలో చిక్కుకున్న కుక్కపిల్లల్ని ఇంటికి తెచ్చుకోవడంతో అది మొదలైందంటారు. వాళ్ళబ్బాయి చిన్నికృష్ణ కుర్రతనం నుంచే అందులో ఉండి దశాబ్దాల తరబడి నడిపించారు. వీధికుక్కల్ని చంపడం మాని ఆపరేషన్లు చేయమని 1960ల నుంచే చెబుతూ వస్తే, మద్రాసు కార్పొరేషన్ ఆ దారికి వచ్చింది 1996లో. "చూశారా, ఒక తరం చాల్లేదు" అన్నారు సార్. ఆయన ఉద్దేశం మంచిదే. అక్క నవ్వి, "మా వాడు బెంగళూరులో ఉండాడు సార్, వాడికి కుక్కంటే భయం" అంది. కాసేపు అందరం నవ్వుకున్నాం.

నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ పేరు కూడా వచ్చింది. రాజ్యసభలో ఆమె పెట్టిన బిల్లు ఊపుతోనే జంతుహింసని అడ్డుకునే 1960 చట్టం వచ్చింది, 1962లో ఆమె అధ్యక్షతనే జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది, 1986లో పోయేదాకా ఆ బోర్డులోనే ఉన్నారు. ప్రెసిడెంటుగారు గొప్పగానే చెప్పారు గానీ నాకు మాత్రం వింటుంటే గుండె జారింది. ఈ రంగంలో పెద్దవాళ్ళెవరికీ రిటైర్మెంట్ ఉన్నట్టు లేదు. పైగా ఆ చట్టం సెక్షన్ 11 కింద మొదటిసారి హింసకి జరిమానా ఇప్పటికీ పది నుంచి యాభై రూపాయలే. అక్క పోలీస్ స్టేషన్ చుట్టూ పన్నెండేళ్ళు తిరిగింది ఆ యాభై రూపాయల కోసమే కదా అనిపిస్తుంది ఒక్కోసారి.

ఎవరిని పెడదాం అన్నప్పుడు చాలామంది ఇన్‌స్టాగ్రామ్ అమ్మాయి వైపు చూశారు. అందరికీ ఆ అమ్మాయి తెలుసు, జంతువులంటే ప్రాణం పెడుతుంది, ఏడుస్తుంది కూడా. నన్నడిగితే చిల్లర సార్‌కే ఓటు వేస్తాను. ఆయన కుక్కని ముట్టుకోగా ఎప్పుడూ చూడలేదు. కరెంటు షాక్‌తో కాలు పోయిన మా మూడుకాళ్ళ కుక్క బల్ల కింద ఆయన పాదం మీద తల పెట్టుకుని పడుకుంటే, మీటింగు అయ్యేదాకా కాలు కదపలేదు, చూడనూ లేదు. ప్రేమించేవాళ్ళు సంస్థకి చుట్టూ కావాలి. పైన కూర్చునేవాళ్ళకి ముందు కాదనగలిగే శక్తి ఉండాలి, అది ఆయనకుంది. ఈ మాట అక్కడ అనలేదు. అంటే ఆ అమ్మాయి నొచ్చుకునేది, సార్ కూడా నవ్వి ఊరుకునేవారు.

అసలు కాంపౌండరు పిల్లోడి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏ కుక్క చెవిలో చీము ఉందో, ఏది అన్నం వదిలేసిందో వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. కానీ మా బైలా ప్రకారం జీతం తీసుకునేవాళ్ళకి కమిటీలో చోటు లేదు. మీటింగు జరిగినంతసేపూ వాడు పార్వో షెడ్డులో సెలైన్లు మారుస్తూనే ఉన్నాడు. చిత్రాన్నం, వడ పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళి అక్కడే ఇచ్చొచ్చాను.

చివరికి ఏమీ తేలలేదు, మన సంస్థల్లో తేలేది ఎప్పుడని? డిసెంబరు దాకా అక్కే ఉంటుంది. ఈలోగా సార్ చెక్కులు, బిల్లులు, ఆఫీసుల చుట్టూ తిరగడం తీసుకుంటారు. ఆ అమ్మాయి దత్తతలు, వాలంటీర్లు చూస్తుంది. ఫోన్ మాత్రం వంతులవారీగా, రాత్రి ఎవరి వంతు వాళ్ళు. మొదటి వంతు మినిట్స్ రాసేవాడికే పడింది. అక్క ఫోన్ చేతిలో పెడుతూ మూడు ప్రశ్నలు చెప్పింది: ఎక్కడ, లేచి నిలబడుతోందా, నువ్వు అక్కడే ఉంటావా. మూడోదానికి అవునన్నవాడికే ఆటో పంపమంది.

ఎనిమిదిన్నరకి మంగళం నంబరుకి నేనే చేశాను. రెండోసారికి ఎత్తాడు. తల్లి వచ్చిందంట, కానీ నాలుగింట్లో మూడింటినే నోట కరుచుకుపోయి, ఒకదాన్ని వదిలేసిందంట. అది ఇప్పుడు వాళ్ళింట్లో చెప్పుల స్టాండు పక్కన ఉంది, వాళ్ళావిడ దూదితో పాలు పడుతోంది, ఏ పాలు పట్టాలో ముందే చెప్పొచ్చు కదా అని మళ్ళీ నన్నే తిట్టాడు. పోస్టు చేసిన వీడియో తీసేస్తారా అని అడగబోయి ఊరుకున్నాను. కాంపౌండరు పిల్లోడిని పొద్దున్నే ఆ దారిన వెళ్ళమని చెప్పాను. ఇంకా రెండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి, ఒకటి తిరుచానూరు, ఒకటి ఎక్కడిదో తెలీదు. చేసి పడుకోవాలి.